ఎర్రమట్టిలో ఇనుము కరువు

మన శ్రీకాకుళం, విజయనగరం మెట్ట చేలల్లో మట్టి ఎర్రగా ఎందుకుంటుందో తెలుసునా అమ్మలూ? అందులో ఇనుముంది. ఆ ఎరుపు తుప్పు రంగే. అయినా అదే మట్టిని కుండీకెత్తి, నూరువరహాల మొక్క నాటి, రోజూ సున్నపు బోరు నీళ్లు పోస్తూ ఉండండి. కొన్నాళ్లకి లేతాకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము చాలకపోతే వచ్చే తెగులది. ఇనుములోనే నిలబడి ఇనుముకి మొహం వాచిపోతుంది పాపం!

వేరు దేన్నైనా నీళ్లలో కరిగితేనే తాగగలదు. మట్టి కాస్త పులుపుగా ఉంటే ఇనుము కరుగుతుంది. ఆ పులుపుని కొలిచే కొలత పీహెచ్. 7 అయితే అటూ ఇటూ కానిది, తగ్గేకొద్దీ పులుపు. ఒక్క అంకె తగ్గితే పులుపు పది రెట్లు పెరుగుతుంది. అంటే 7.5 మట్టికీ 5.5 మట్టికీ తేడా వంద రెట్లు! బోరు నీళ్లలోని బైకార్బొనేట్లు ఈ పులుపుని విరిచేస్తాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుందే, దానికి మూలం అవే. పెరట్లో మొక్కయితే వేళ్లు దూరం పోతాయి, వానకి మట్టిలోని సున్నం కడుక్కుపోతుంది. చెట్టుని పొట్టిగా పెంచే బోన్సాయ్ పళ్లెంలో అయితే ఉండేది గుప్పెడు మట్టే. వేసవిలో రెండు పూటలా పోసిన నీరు ఆవిరైపోతుంది, సున్నం అక్కడే పేరుకుంటుంది.

ఈ సంగతి జపాన్‌లో అజేలియా అనే పూలమొక్కని బోన్సాయ్‌గా పెంచేవాళ్లకి బాగా తెలుసు. అక్కడ సత్సుకి అనే రకాన్ని పళ్లెంలో చిన్న చెట్టుగా తీర్చి, కొమ్మ కనపడనన్ని పూలు పూయిస్తారు. దాని వేళ్లు తలవెంట్రుకలంత సన్నం. పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉంటే దానికి హాయి. అందుకే కనుమ అనే ఊరి దగ్గర దొరికే, అగ్నిపర్వతం కక్కిన పసుపు పచ్చని గుల్ల రాయిని మట్టికి బదులు వాడతారు. అది పుల్లనిది, నీరు పట్టి ఉంచుతుంది, గాలీ ఆడనిస్తుంది.

"ఏటి తాతా, మనమూ ఒకటి తెచ్చుకుందుమా?" అంటారు మీరు. వద్దమ్మా. మొగ్గ విచ్చాలంటే దానికి చలికాలంలో కొన్ని వారాల గట్టి చలి కావాలి. దాని చుట్టం ఒకటి నీలగిరి కొండల మీద ఎర్రగా పూస్తుంది, అక్కడి చల్లదనం వేరు. మన కోస్తా ఎండకి తెచ్చి దాన్ని హింసపెట్టడం నాకు మనసొప్పదు. పులుపు మట్టే కోరే మొక్క మనకీ ఉంది కదా, నూరువరహాలు! అరకు కాఫీకి దగ్గర చుట్టం, దక్షిణాదిలో పుట్టింది, ఎండకి జడవదు. చిన్నాకు రకం పళ్లెంలో ముచ్చటగా ఒదుగుతుంది.

దానికి వాన నీళ్లు పట్టి ఉంచండి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరిగి వాన నీటి పీహెచ్ 5.6 దాకా దిగుతుంది, సున్నం ఉండదు. డ్రమ్ముకి మూత మాత్రం మరవకండి, దోమలు. మట్టిలో ఉద్దానం కొబ్బరి పొట్టు కలపండి, ముందు రెండు మూడు నీళ్లలో కడిగి ఉప్పు పోగొట్టాలి.

ఆకులు అప్పటికే పసుపెక్కితే వేరుశనగ రైతులు చేసే వైద్యమే చేద్దాం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుప లవణం), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టాలి. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. నిలవ ఉంటే గాలి తగిలి అన్నభేది తుప్పు రంగుకి తిరుగుతుంది, ఇక మొక్కకి పనికిరాదు. కొట్టే ముందు ఏ ఆకు పసుపెక్కిందో చూడండి. మొక్క లోపల ఇనుము ముదురాకు నుంచి లేతాకుకి కదలదు, అందుకే దాని లోటు లేతాకులో కనపడుతుంది. నత్రజని కదులుతుంది, దాని లోటు ముదురాకులో ముందు తెలుస్తుంది. ముదురాకులు పసుపైతే అన్నభేది జోలికి పోకండి, కాస్త చివికిన పశువుల ఎరువు చాలు.

ఇక కత్తిరింపు. అజేలియా వచ్చే ఏటి మొగ్గని వేసవిలోనే కట్టేసుకుంటుంది, కాబట్టి పూలు రాలగానే కత్తెర పెట్టాలి, ఆలస్యమైతే మొగ్గలే పోతాయి. నూరువరహాలు కొమ్మ కొసనే గుత్తి వేస్తుంది. ఆకారం కోసం వారం వారం కొసలు తుంచేవాళ్లకి ఆకులే మిగులుతాయి. ఒక విడత పూత అయ్యాక కత్తిరించి, కొత్త చిగుళ్ల మీద మళ్లీ గుత్తులు పడేదాకా చెయ్యి పెట్టకండి.