పాత నగలు ఇంట్లోనే కరిగిస్తున్నారా..? కేడీఎం నగ అయితే ఆ పొగతోనే ముప్పు!

బంగారం రేటు వింటేనే గుండె దడ. అందుకే తెగిపోయిన చైన్లు, జత పోయిన కమ్మలు, వంకర తిరిగిన ఉంగరాలు బీరువాల్లోంచి బయటికొస్తున్నాయి. షాపులో ఇస్తే తరుగు తీసేస్తారు.. మనమే కరిగించుకుంటే పోలా అనుకునేవాళ్లూ ఉన్నారు. చేతిలో ఇమిడే గ్యాస్ టార్చ్, చిన్న మూస ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వీడియోలో చూస్తే రెండు నిమిషాల పని. కానీ అసలు సంగతి వేరు.

కరిగితే మేలిమి అయిపోతుందా?

కాదు. కరిగించడం వేరు, శుద్ధి చేయడం వేరు. స్వచ్ఛమైన బంగారం 1,064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. 22 క్యారెట్ల నగ 10 గ్రాములుంటే అందులో అసలు బంగారం 9.16 గ్రాములే. మిగతాది రాగి, వెండి లాంటి లోహాలు. ముద్ద చేసినా అవి ఎక్కడికీ పోవు. వెలిగారం వేస్తే పైమురికి వేరవుతుంది, అంతే! పైగా అతుకుల్లోని టంకం కూడా ముద్దలో కలిసిపోతుంది.

ఆ టంకంతోనే పెద్ద చిక్కు. ఒకప్పుడు 'కేడీఎం నగ' అంటే మంచి సరుకని పేరు. కేడీఎం అంటే మరేదో కాదు.. కాడ్మియం. బంగారంలో దాన్ని కలిపి అతుకులు వేసేవారు. అది 767 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. అంటే బంగారం కరిగేలోపే విషపు పొగ గదిలోకి వచ్చేస్తుంది. పీల్చినప్పుడు పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు. కొన్ని గంటలయ్యాక జ్వరం, దగ్గు, ఛాతీలో బిగుతు మొదలవుతాయి. ఫ్లూ అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటే.. లోపల ఊపిరితిత్తులు దెబ్బతింటూనే ఉంటాయి. ప్రాణాలు కూడా పోవచ్చు. ఇలాంటి లక్షణాలు కనిపిస్తే ఆస్పత్రికి వెళ్లి, నగ కరిగించిన విషయం డాక్టర్‌కు ముందే చెప్పాలి.

యాసిడ్‌తో ఇంకో గండం

శుద్ధి చేయాలంటే నైట్రిక్ యాసిడ్ కావాలి. అయితే 22 క్యారెట్ల నగను నేరుగా అందులో వేస్తే దాదాపు ఏమీ జరగదు. బంగారం రాగిని, వెండిని కప్పి కాపాడుతుంది. అందుకే రిఫైనరీల్లో ముందు దానికి దాదాపు మూడింతల వెండి కలిపి కరిగిస్తారు. అప్పుడే యాసిడ్ మిగతా లోహాలను తినేసి బంగారాన్ని వదిలేస్తుంది. ఈ క్రమంలో గోధుమ రంగు పొగ లేస్తుంది. అది నైట్రోజన్ డయాక్సైడ్. దీనిదీ అదే తీరు.. గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పొగ లాగేసే ఏర్పాటు లేని వంటింట్లో, బాల్కనీలో చేసే పని కాదిది. తడి మూసలో కరిగిన లోహం పోసినా ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది.

ఇంత చేసినా మిగిలేదేంటి?

పెద్దగా ఏమీ లేదు. చిన్న మొత్తమైతే మూసకు అంటుకుపోయే పొట్టు కూడా నష్టమే. హాల్‌మార్క్ నగ అయితే ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ ముద్ర కరిగిపోతుంది. గుర్తు లేని ముద్దను షాపువాళ్లు ఎలాగూ మళ్లీ పరీక్షిస్తారు.

అదేదో ముందే చేయించుకోవచ్చు. బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో పాత నగలకు ఫీజు తీసుకుని స్వచ్ఛత పరీక్ష చేస్తారు. ఆ రిపోర్ట్ చేతిలో పట్టుకుని షాపుకెళ్లి, రాళ్లు తీయించి, కళ్లముందే తూకం వేయించాలి. కరిగించాల్సి వస్తే ఎదురుగానే కరిగించమని అడగాలి, తర్వాత మళ్లీ తూకం చూసుకోవాలి. కేడీఎం నగ అయితే ఆ మాట వాళ్లకూ ముందే చెప్పాలి.