అరకు యాత్ర - కంటికి కనబడని చెత్త

సెలవులు రాగానే జనులు కొండలకును అడవులకును బయలుదేరుదురు. శీతకాలమున విశాఖపట్నము నుండి అరకులోయకు పోవువారు మరింత ఎక్కువ. పొగమంచును, బొర్రా గుహలను, చెట్ల నీడన పెరుగు కాఫీ తోటలను చూచి వచ్చినవారు "ప్రకృతి ఒడిలో రెండు దినములు గడపితిమి, దేనికిని హాని చేయలేదు" అని తలంతురు. దారిలో కాగితపు ముక్కనైన పారవేయనివారు అట్లు తలచుట సహజమే. కాని చెత్త అంతయు కంటికి కనబడదు. యాత్రికుడు తెలియకుండ విడిచివచ్చు చెత్త ఒకటి కలదు. దానిని తూచుట ఎట్లు?

ఆ చెత్తయే బొగ్గుపులుసు వాయువు. దీనినే కార్బన్ డైఆక్సైడు అందురు. బొగ్గు, పెట్రోలు, డీజిలు, కట్టెలు - వీనిలో ఏది మండినను ఇది పుట్టును. భూమి నుండి పైకి పోవు వేడిమిని ఇది పట్టి ఉంచును. యంత్రయుగమునకు ముందు గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండిన ఈ వాయువు 2024 నాటికి 420 పాళ్లను మించినది. ఒక పని వలన గాలిలో చేరు ఇట్టి వాయువుల మొత్తమునకు శాస్త్రజ్ఞులు "కర్బన పాదముద్ర" అని పేరిడిరి. ప్రపంచమున మానవుల వలన వెలువడు హరితగృహ వాయువులలో సుమారు నూటికి 8 వంతులు పర్యటనల వలన కలుగుచున్నవని 2018లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తేల్చినది. కాబట్టి ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు.

లీటరు పెట్రోలు ఎంత వాయువగును?

లీటరు పెట్రోలు బరువు సుమారు ముప్పాతిక కిలో. అది మండినప్పుడు సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. తక్కువ బరువు నుండి ఎక్కువ బరువు ఎట్లు వచ్చినదని విద్యార్థి అడుగవచ్చును. లీటరు పెట్రోలులో సుమారు 640 గ్రాముల కర్బనము ఉండును. కర్బన పరమాణుభారము 12. అది మండునప్పుడు గాలి నుండి రెండు ఆమ్లజని పరమాణువులను గ్రహించును. వాని భారము 32. మొత్తము 44. అనగా ప్రతి 12 గ్రాముల కర్బనము 44 గ్రాముల వాయువుగా మారును. 640ని 44 చేత హెచ్చించి 12 చేత భాగించినచో సుమారు 2,350 గ్రాములు వచ్చును. పెరిగిన బరువంతయు గాలిలోని ఆమ్లజనిదే. డీజిలు విషయమున ఈ లెక్క లీటరుకు సుమారు 2.7 కిలోలు.

ప్రయాణపు లెక్క

విశాఖపట్నము నుండి అరకునకు రోడ్డు మార్గమున సుమారు 115 కిలోమీటర్లు. రాకపోకలకును, అక్కడి తిరుగుడునకును కలిపి 240 కిలోమీటర్లు అనుకొందము. ఘాటురోడ్డుపై కారు లీటరు పెట్రోలుకు 12 కిలోమీటర్లు నడచినచో 20 లీటర్లు కావలెను. వెలువడు వాయువు 46 కిలోలు. కారులో నలుగురు ఉన్నచో తలకు పదకొండున్నర కిలోలు, ఒక్కడే ఉన్నచో 46 కిలోలును అతనివే. ఇక బస్సు లీటరు డీజిలుకు 4 కిలోమీటర్లే నడచుననుకొనినను, 60 లీటర్లకు 162 కిలోల వాయువు వెలువడును. దానిని 40 మంది విద్యార్థులు పంచుకొనినచో తలకు 4 కిలోలు మాత్రమే. పెద్ద బండి ఎక్కువ పొగ విడుచును, కాని మనిషి వంతు తగ్గును.

ఈ లోయకు రైలు కూడ కలదు. బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960 దశకమున వేయబడిన మార్గమిది. నేడు విద్యుత్తుతో నడచు ఈ రైలింజను పొగ విడువదు. అయినను దాని పొగ వేరొకచోట విద్యుత్కేంద్రపు గొట్టము నుండి వెలువడుచునే ఉండును. వందలాది మంది కలిసి పోవుదురు గనుక తలకు వచ్చు వంతు మిక్కిలి తక్కువ. ఈ మార్గమున 2017లో ప్రవేశపెట్టబడిన అద్దాల పెట్టెలో సుమారు 40 మందికే చోటు; కాబట్టి అందలి ప్రయాణికుని వంతు సాధారణపు పెట్టెలోని వాని వంతు కంటె హెచ్చు.

హైదరాబాదు నుండి విమానమున విశాఖకు వచ్చువారి లెక్క వేరు. విమానము 3 టన్నుల ఇంధనము కాల్చి 150 మందిని చేర్చినదనుకొందము. తలకు 20 కిలోల ఇంధనము. విమాన ఇంధనము కిలోకు సుమారు 3.16 కిలోల వాయువు విడుచును గనుక ఒక వైపునకు 63 కిలోలు, రాకపోకలకు 126 కిలోలు. బస్సులో పోయిన విశాఖ విద్యార్థి వంతునకు ఇది ముప్పది రెట్లు! విమానము మిక్కిలి ఎత్తున విడుచు నీటియావిరి చారల వలన కలుగు వేడిమి ఇందు చేరలేదు. రాత్రి రైలున వచ్చినచో ఈ భారములో అధికభాగము తప్పును.

మజిలీ లెక్క

మన దేశమున విద్యుత్తులో ఎక్కువ భాగము నేటికిని బొగ్గు నుండియే వచ్చుచున్నది. సగటున యూనిటుకు సుమారు 0.7 కిలోల వాయువు వెలువడును. చల్లదనపు యంత్రము రాత్రికి 10 యూనిట్లు వాడినచో 7 కిలోలు. 20 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడిచేయుటకు సుమారు 0.6 యూనిటు, అనగా 0.4 కిలో. తువాలును రెండవ దినము కూడ వాడుడని గదులలో వ్రాసియుంచుట మంచిదే. కాని విమానపు లెక్క ముందు ఈ పొదుపు సముద్రమున కాకిరెట్ట.

చలిమంట మాట కూడ చెప్పవలెను. ఎండుకట్టెలో సగము కర్బనము. పది కిలోల కట్టె మండినచో 18 కిలోల వాయువు వెలువడును. అయితే ఆ కర్బనమును చెట్టు గాలినుండియే గ్రహించినది. నరికిన చోట మరియొక చెట్టు పెరిగినచో ఆ వాయువు మరల చెట్టున చేరును. కాని అందుకు ఏండ్లు పట్టును. పెట్రోలు కర్బనము కోట్ల సంవత్సరములు భూగర్భమున దాగియుండినది. అది అట్లు త్వరగా తిరిగిపోదు.

ఏమి చేయవలెను?

యాత్రలు మానవలెనని దీని భావము కాదు. కొండలపై కాఫీ పండించు గిరిజనులకును, అక్కడి చిన్న వ్యాపారులకును యాత్రికుల రాక జీవనాధారము. చేయవలసినది లెక్క ఎరిగి పోవుట. పాదముద్రలో పెద్ద భాగము చూడబోవు చోట కాక దారిలోనే పడుచున్నది. కాబట్టి దగ్గరి చోటు, నిండిన బస్సు లేక రైలు, ఎక్కువ దినముల బస - ఈ మూడును ముఖ్యము. రెండు దినములకు బదులు నాలుగు దినములు ఉన్నచో దినమునకు పడు ప్రయాణభారము సగమగును. అక్కడివారికి ఆదాయము పెరుగును.

అరకు కాఫీకి చల్లదనమే ప్రాణము. లోయను చల్లగా ఉంచు శీతోష్ణస్థితిని చెరచుచు ఆ చల్లదనమును చూడబోవుట వింత గదా! పాఠశాల విహారయాత్రకు ముందు నల్లబల్లపై దూరము, ఇంధనము, మనుష్యుల సంఖ్య వ్రాసి విద్యార్థులచేత ఈ భాగాహారము చేయించినచో రసాయనశాస్త్రమును గణితమును ఒకే పాఠమున కలియును. ఏ బండి ఎక్కవలెనో వారే నిర్ణయింపగలరు.