రహదారి పక్కన విద్యుత్ చలివేంద్రము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నెంబరు జాతీయ రహదారి పక్కన, బాటసారుల దాహము తీర్చు చలివేంద్రము వలె, విద్యుత్ కార్లకు ఛార్జింగు కేంద్రము నొకదానిని నెలకొల్పుట యన యంత్రమును తెచ్చి నిలబెట్టుటయే యనుకొనువారు పెక్కుమంది గలరు. నిజమునకు యంత్రము చివర వచ్చును. ముందు రావలసినది కరెంటు. ఇంటిలోని ఏసీ సుమారు 1.5 కిలోవాట్లతో నడుచుచుండగా, 60 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జరు ఒక్కటియే అట్టి నలుబది ఏసీల భారమును లైనుపై మోపును గనుక, రెండు మూడు ఛార్జర్లు పెట్టదలచినవాడు విద్యుత్ పంపిణీ సంస్థ యగు డిస్కము అనుమతి పొంది, 11 కేవీ లైను నుండి ప్రత్యేకముగా ట్రాన్స్‌ఫార్మరు వేయించుకొనుట సాధారణము.

తరువాతిది ఎర్తింగు. గోతిలో పైపు నిలిపి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుగా నింపి, వేసవిలో నీరు పోయుచు తడి యారకుండ కాపాడు ఈ పాతపనిని ఎవరును ఫొటో తీయరు కాని, వానలో తడిసిన చేతితో ఛార్జింగు గన్ పట్టుకొనువాని క్షేమము చాలవరకు దానిపై ఆధారపడి యుండును.

ఇక యంత్రము సంగతి. లైనులో వచ్చునది ఏసీ కరెంటు. బ్యాటరీ గ్రహించునది డీసీ కరెంటు. ఆ మార్పును చిన్న ఛార్జర్లు కారులోని పరికరమునకు విడిచిపెట్టగా, ఫాస్ట్ ఛార్జరు తనలోనే చేసికొని, సీసీఎస్-2 అను ప్రమాణపు గన్ ద్వారా నేరుగా బ్యాటరీకి పంపును. దాని ఫ్యాన్ల రొదకు కారణమిదియే. అయినను 80 శాతము దాటిన పిదప బ్యాటరీ రక్షణార్థము వేగము తగ్గిపోవును గనుక, నూటికి నూరు నిండువరకు కదలనని భీష్మించువాడు వెనుకవారి సహనమును పరీక్షించుచున్నాడన్నమాట.

ఛార్జింగు కేంద్రమునకు లైసెన్సు అక్కరలేదనియు, రహదారులపై ప్రతి 25 కిలోమీటర్లకు ఒకటి యుండవలెననియు 2018లో కేంద్ర విద్యుత్ శాఖ నిర్దేశించినది. స్థలము వెదకువాడు దూరముతోపాటు టీ హోటలును, మరుగుదొడ్డిని, చెట్టునీడను గూడ చూచుకొనుట మేలు. ఛార్జింగునకు అరగంటయో, ముప్పావుగంటయో పట్టును, అంతసేపు పిల్లలతో ఎండలో నిలువనెవ్వరి తరము?