పబ్లిక్ పాలసీ చదువు: సాయం ఎక్కడుంది, ఎక్కడ ఆగిపోతోంది



ప్రతి సంవత్సరం స్కాలర్‌షిప్ దరఖాస్తులు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఎంబీబీఎస్, బీటెక్, నర్సింగ్, బీఈడీ విద్యార్థుల విషయంలో మా కమిటీలో పెద్దగా చర్చ జరగదు. ఆ చదువులు మనందరికీ తెలిసినవే. ఈ మధ్య కొత్త రకం దరఖాస్తులు వస్తున్నాయి. కోర్సు పేరు ‘మాస్టర్స్ ఇన్ పబ్లిక్ పాలసీ’. అది చూడగానే ఎవరో ఒకరు అడుగుతారు: “ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?” న్యాయమైన ప్రశ్నే. దానికి మేం తెలుసుకున్న జవాబు మీ ముందు పెడుతున్నాం.

ఈ చదువు ఏమిటి?

ప్రభుత్వం ఒక పథకం పెట్టే ముందు అది ఎవరికి అవసరమో, ఎంత ఖర్చవుతుందో, చట్టం ఒప్పుకుంటుందో లేదో చూడాలి. పెట్టిన తర్వాత అది చేరవలసిన ఇంటికి చేరిందా అని కొలవాలి. ఈ పని నేర్పేదే పబ్లిక్ పాలసీ. ఇందులో అర్థశాస్త్రం, గణాంకాలు, చట్టం, పరిపాలన కలిసి ఉంటాయి. చదివినవారు ప్రభుత్వ శాఖల్లో సలహాదారులుగా, ప్రజాప్రతినిధులకు పరిశోధన సహాయకులుగా, పరిశోధన సంస్థల్లో, అంతర్జాతీయ సంస్థల్లో పనిచేస్తారు.

మనకు దీనితో ఏం పని అంటే, మన రిజర్వేషన్ల చరిత్రే చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ 2005లో తెచ్చిన చట్టాన్ని హైకోర్టు అదే ఏడాది కొట్టివేసింది. వెనుకబాటుతనాన్ని గుర్తించడానికి జరిగిన అధ్యయనం సరిపోలేదన్నది అందులో ఒక ముఖ్య కారణం. 2007లో విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా, ముస్లింలందరికీ కాకుండా ఫకీర్లు, అత్తరు సాయిబులు, ఖురేషీలు వంటి వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం ఇచ్చారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టివేసింది. సర్వే జరిగిన పద్ధతిని తప్పుబట్టింది. ఆ మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల 4 శాతం నిలబడింది.

అంటే మన పిల్లల మెడికల్, ఇంజనీరింగ్ సీట్లు ఒక సర్వే ఎలా చేశారన్న ప్రశ్న మీద వేలాడాయి. ఆ సీట్లు వచ్చినవారికి ఫీజులు కట్టడానికి మనం ఏటా ముందుంటాం. సర్వే సరిగా చేయగలిగినవారిని, దాన్ని కోర్టు ముందు నిలబెట్టగలిగినవారిని తయారుచేసుకోవడం మీద మాత్రం మన దృష్టి పడలేదు. ఐఏఎస్‌లో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం మాత్రమేనని 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఆ అంకెలను మనం సభల్లో ఎన్నిసార్లు వల్లించామో లెక్కలేదు. అలాంటి అంకెలు సేకరించగల పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు.

సాయం ఎక్కడుంది?

దేశంలో చదవాలనుకునేవారికి బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో 2014 నుంచి రెండేళ్ల పబ్లిక్ పాలసీ కోర్సు ఉంది. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులోనూ, వసతి ఖర్చులోనూ పూర్తి మినహాయింపు దాకా ఇస్తుంది. చదువుకు ముందు అనుభవం కావాలనుకునే 25 ఏళ్ల లోపు పట్టభద్రులకు ‘ల్యాంప్’ ఫెలోషిప్ మంచి మెట్టు. పీఆర్ఎస్ సంస్థ 2010 నుంచి నడుపుతున్న ఈ కార్యక్రమంలో, వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒక ఎంపీ దగ్గర పరిశోధన సహాయకులుగా పనిచేస్తారు. నెలనెలా భృతి ఇస్తారు.

విదేశాలకు వెళ్లేవారికి బ్రిటన్ ప్రభుత్వ చీవ్నింగ్ స్కాలర్‌షిప్ ఏడాది మాస్టర్స్ ఖర్చంతా భరిస్తుంది. రెండేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి. చదువు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ ఉంది. దానికి మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఐరోపాలో ఎరాస్మస్ ముండుస్ కింద వచ్చే స్కాలర్‌షిప్‌లో ఫీజు ఉండదు, పైగా నెలకు 1,400 యూరోలు ఇస్తారు. అభివృద్ధి చెందుతున్న దేశాల విద్యార్థుల కోసం జర్మనీలో హెల్ముట్ ష్మిట్ కార్యక్రమం ప్రత్యేకంగా పబ్లిక్ పాలసీ, సుపరిపాలన చదువులకే ఉంది. ముంబైలోని ఇన్లాక్స్ ఫౌండేషన్ 30 ఏళ్ల లోపువారికి లక్ష డాలర్ల దాకా ఇస్తుంది. ఇంజనీరింగ్, బిజినెస్, వైద్యం లాంటి చదువులకు అది ఇవ్వదు కనుక మన పాలసీ విద్యార్థులకు అక్కడ అవకాశం ఉంది.

తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుకు 20 లక్షల రూపాయల దాకా ఇచ్చే పథకం నడుపుతోంది. కేంద్రంలో మాత్రం రెండు తలుపులు మూసుకున్నాయి. పరిశోధన విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను, విదేశీ విద్యారుణంపై వడ్డీ రాయితీ ఇచ్చే ‘పఢో పర్దేశ్’ పథకాన్ని 2022-23 నుంచి ఆపేశారు.

ఎక్కడ ఆగిపోతోంది?

పెద్ద మొత్తాలు ఇచ్చేవారు ఉన్నారు. కానీ ఆ మొత్తం చేతికి వచ్చేలోపు దాటాల్సిన చిన్న చిన్న ఖర్చుల దగ్గరే మన పిల్లలు ఆగిపోతున్నారు. ఐఈఎల్‌టీఎస్ పరీక్ష ఒక్కసారి రాయాలంటేనే పదిహేడు, పద్దెనిమిది వేలు. దరఖాస్తు ఫీజులు, మార్కుల పత్రాలు, సీటు నిలబెట్టుకోవడానికి డిపాజిట్ దానికి అదనం. తెలంగాణ పథకంలో మొదటి విడత విద్యార్థి ఆ దేశంలో దిగిన తర్వాతే వస్తుంది. అక్కడి దాకా వెళ్లే డబ్బు ఇంట్లోవాళ్లే చూసుకోవాలి. ఇక అడిగే రెండు, మూడేళ్ల అనుభవం అంటే, తక్కువ జీతానికి పరిశోధన సంస్థల్లో పనిచేసే కాలం. ఇంటికి డబ్బు పంపాల్సిన అబ్బాయికి ఆ స్తోమత ఎక్కడిది?

ఒక విషయం దాచకుండా చెప్పాలి. రాయలసీమ నుంచి ఒక ఆటో డ్రైవర్ కూతురు ప్రవేశపత్రం పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. డిపాజిట్ కట్టడానికి మూడు వారాల గడువుంది. మా కమిటీ మూడు నెలలకోసారి సమావేశమవుతుంది. మేం మంజూరు చేసేసరికి గడువు దాటిపోయి సీటు పోయింది. “ఫర్వాలేదు అంకుల్, వచ్చే ఏడాది మళ్లీ రాస్తాను” అని ఆ అమ్మాయే మాకు ధైర్యం చెప్పింది. తప్పు పూర్తిగా మాది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

దాతలు ఏం చేయవచ్చు?

1892లో జంషెడ్జీ టాటా ఒక నిధి పెట్టారు. అది విదేశీ చదువుకు రుణ స్కాలర్‌షిప్ ఇస్తుంది. తీర్చిన సొమ్ము తర్వాతివారికి పనికొస్తుంది. కేరళలో పేద దళిత కుటుంబంలో పుట్టిన కె.ఆర్. నారాయణన్ 1945లో టాటా స్కాలర్‌షిప్‌తోనే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో రాజనీతి శాస్త్రం చదవడానికి వెళ్లారు. 1997లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. వడ్డీ లేని ఖర్జె హసనా మనకు కొత్త కాదు. పెళ్లికి, ఆసుపత్రికి ఇచ్చినట్టే దాన్ని చదువు గడువులకూ ఇవ్వవచ్చు.

మేం మూడు పనులు అనుకున్నాం. మొదటిది, పరీక్ష ఫీజులు, దరఖాస్తు ఖర్చులకు చిన్న గ్రాంటు. రెండోది, డిపాజిట్‌కూ ప్రయాణానికీ ఖర్జె హసనా. స్కాలర్‌షిప్ చేతికి రాగానే విద్యార్థి తిరిగి ఇస్తాడు. మూడోది, అనుభవం సంపాదించుకునే కాలంలో ఇంటికి కొంత నెలవారీ ఆసరా. అత్యవసర దరఖాస్తును సమావేశం కోసం ఆపకుండా ముగ్గురు సభ్యులు వారంలోపు తేల్చేలా నియమం మార్చుకున్నాం.

జకాత్ సంగతి చాలామంది అడుగుతారు. జకాత్ ఎవరికి చెందుతుందో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. కనుక విద్యార్థి తానే పేదరికం వల్ల అర్హుడైతే ఆ సొమ్ము అతని చేతికే ఇస్తాం. రుణనిధికి, మిగతా ఖర్చులకు సదఖా, లిల్లాహ్ విరాళాలే వాడతాం. రెండు ఖాతాలూ వేరు. ఇచ్చేటప్పుడు ఏ పద్దు కింద ఇస్తున్నారో రసీదు మీద రాయించుకోండి.

డబ్బు కాకుండా మరో సాయం కూడా అడుగుతున్నాం. చీవ్నింగ్ దరఖాస్తులు ఆగస్టులో మొదలవుతాయి. మీ మొహల్లాలో డిగ్రీ చివరి ఏడాదిలో ఉండి, పేపర్‌లో బడ్జెట్ వార్తలు వదలకుండా చదివే పిల్లో పిల్లాడో ఉంటే ఈ పుట చూపించండి. గడువుకు ముందే మా దగ్గరికి పంపండి. ఈసారి మేం ఆలస్యం చేయం, ఇన్షా అల్లాహ్.