లేసు అల్లిక: కాలక్షేపమా, కష్టమా?

మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లగా నేనెన్నడూ చూడలేదు. ఎప్పుడూ తలుపు వెనుక, వీధికి కనబడని చోటే కూర్చునేది. వెలుతురు కోసం కిటికీ వైపు జరిగేది, మగవాళ్ళ అలికిడి వినబడితే మళ్ళీ లోపలికి జరిగేది. ఒడిలో తెల్లదారపు ఉండ, చేతిలో కొస వంగిన సన్నని సూది. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా ఒక పువ్వు పూర్తయ్యేది. ఎవరైనా అడిగితే, "ఏముందమ్మా, ఊరికే కూర్చోలేక" అనేది. ఏజెంటు వచ్చి పువ్వులు లెక్కపెట్టి, డబ్బులు గుమ్మం బయట తాతయ్య చేతిలో పెట్టి వెళ్ళేవాడు.

నరసాపురం, పాలకొల్లు పరిసరాల్లో ఇటువంటి జ్ఞాపకం లేని కుటుంబాలు తక్కువ. రేడియో మీద కప్పిన లేసు గుడ్డ, దిండు గలీబు అంచున తెల్లని అల్లిక, పెళ్ళికూతురి పెట్టెలో దాచిన బల్లగుడ్డ. వీటిని తలచుకుని మురిసిపోతాం. అయితే ఇంట్లో మిగిలింది కొంతే. అల్లినదాంట్లో అధికభాగం ఏజెంటు సంచిలోంచి వ్యాపారి గోదాముకూ, అక్కడి నుంచి ఓడలెక్కి విదేశాలకూ వెళ్ళింది. మన జ్ఞాపకం ఇంట మిగిలిన గుడ్డనే చూస్తుంది. వెళ్ళిపోయిన గుడ్డ లెక్క అడగదు.

ఆ లెక్కలో కులం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఈ విద్యను డెల్టాలో ప్రవేశపెట్టినప్పుడు, ముందుగా నేర్చుకున్నది క్రైస్తవం స్వీకరించిన మాల, మాదిగ స్త్రీలు. వారికది బతుకుతెరువు. తరువాత అది కాపుల ఇళ్ళకు, ఇతర కులాల ఇళ్ళకు పాకింది. మాది కాపు కుటుంబం. ఆడది పొలం పనికి వెళితే పరువు పోతుందనుకునే బీద ఇళ్ళకు గడప దాటకుండా నాలుగు డబ్బులు తెచ్చే పని అవసరమైంది. అలా పేటలో వేళ్ళూనిన విద్య ఏ మైలా అంటకుండా మా నట్టింటికి వచ్చింది. దాన్ని ముందుగా చేతబట్టిన మనుషులకు మాత్రం ఆ గడప లోపల చోటు దొరకలేదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఈ ప్రాంతంలో అధ్యయనం చేసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే గ్రంథం ప్రచురించారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా స్త్రీలకు దక్కేది రూపాయి లోపేనని ఆమె తేల్చారు. పొలాల్లో నాట్లు వేసే దళిత స్త్రీల కూలి అంతకన్నా ఎక్కువ. ఘోషా పాటించే కాపు స్త్రీ తనను గృహిణిగా చెప్పుకొన్నది, శ్రామికురాలిగా కాదు. ఎగుమతి వ్యాపారులకు కావలసిందీ అదే. తీరిక వేళల పనికి కూలి గిట్టుబాటు కావాలని అడిగేదెవరు?

ఇక్కడే కులం రెండు వైపులా పనిచేసింది. పై మెట్టు మీద ఉన్నామనుకున్న స్త్రీని పరువు పేరుతో ఇంట్లో కట్టేసి, ఆమె శ్రమను కాలక్షేపంగా మార్చింది. అదే లేసు అల్లే దళిత స్త్రీ కూడా ఆ చవక ధరకే పని చేయవలసి వచ్చింది, ఎందుకంటే ధర నిర్ణయించింది ఆ కాలక్షేపమే. ఒకరికి చేరువలో మరొకరు ఒకే దారంతో పనిచేశారు. కలిసి కూర్చుని రేటు అడిగే అవకాశాన్ని మాత్రం కులగోడ అడ్డుకుంది. ఒకరి పరువు ఇద్దరి కూలినీ తినేసింది.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషించవలసిందే. కానీ ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, అల్లే చేతికి కూలి నిర్ణయించదు. నిజానికి 1948 నాటి కనీస వేతనాల చట్టమే, యజమాని ఇచ్చిన సరుకుతో సొంత ఇంట్లో పనిచేసే వ్యక్తిని ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది. ఇంటివద్ద పనిచేసే శ్రామికుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం నేటికీ దాన్ని ధ్రువీకరించలేదు. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేది పనే కాదన్న భావన చట్టం కన్నా బలంగా ఉంది.

డెల్టా నుంచి విశ్వవిద్యాలయాలకు వచ్చిన విద్యార్థులు ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మనో నాయనమ్మనో ఒక ప్రశ్న అడగండి. ఎంత అందంగా అల్లావని కాదు, ఒక దారపుండకు ఎంత ఇచ్చారని, ఆ డబ్బు ఎవరి చేతిలో పడిందని. అదే ప్రశ్న పేటకు వెళ్ళి అక్కడి అవ్వనూ అడగండి. రెండు జవాబులూ ఒకే కాగితం మీద పక్కపక్కనే రాసుకోండి. మా నాయనమ్మను ఆ ప్రశ్న నేను అడగలేదు. ఆమె అల్లిన బల్లగుడ్డ ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది, దాని కూలి ఎంతో మాకెవరికీ తెలియదు.