మొర్రి గుట్టు విప్పుతున్న చారల చేప

పురిటి గదిలోంచి బిడ్డను బయటికి తెచ్చారు. పై పెదవి చీలి ఉంది. ఇంటిల్లిపాదీ ఒక్క క్షణం మౌనం. ఆ తర్వాత వచ్చే మొదటి ప్రశ్న ఏమిటో మీకూ తెలుసు. ‘గ్రహణం రోజు ఏం చేశావే అమ్మాయ్‌?’

కత్తిపీట పట్టుకుందేమో. కూరగాయలు తరిగిందేమో. కదలకుండా పడుకోమంటే లేచి తిరిగిందేమో. ఎవరికి తోచింది వారు అంటారు. అసలే నీరసంగా ఉన్న బాలింత తొమ్మిది నెలలూ వెనక్కి వెళ్లి తన తప్పు ఎక్కడుందోనని వెతుక్కోవటం మొదలుపెడుతుంది. మన భాషలో ఈ లోపం పేరే ‘గ్రహణం మొర్రి’. పేరులోనే తల్లి మీద నేరారోపణ ఉంది.

నిజానికి పెదవి, అంగిలి ఎందుకు చీలుతాయి? దీనికి జవాబులో కొంత భాగం మీ వీధి చివర అక్వేరియం దుకాణంలోనే ఈదుతోంది. నీలి చారలతో, చిటికెన వేలంత కూడా ఉండని జీబ్రా చేప అది. పిండంలో ముఖం ఎలా రూపుదిద్దుకుంటుందో, అందులో లెక్క కాస్త తప్పితే ఏమవుతుందో ఈ చేప గుడ్డులో కళ్లారా చూడొచ్చు.

చేపే ఎందుకు?

జీబ్రా చేప మన ఉపఖండానిదే. గంగా పరీవాహక ప్రాంతంలోని చేపల గురించి ఫ్రాన్సిస్‌ హామిల్టన్‌ 1822లో రాసిన పుస్తకంలో దీన్ని తొలిసారి వర్ణించారు. దీన్ని ప్రయోగశాలకు తెచ్చిన ఘనత మాత్రం అమెరికాలోని ఆరెగాన్‌ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జార్జ్‌ స్ట్రైసింగర్‌ది. ఇప్పుడు హైదరాబాద్‌లోని సీసీఎంబీ సహా ప్రపంచమంతటా దీనిపై పరిశోధనలు సాగుతున్నాయి.

కారణం తేలికగానే అర్థమవుతుంది. మనిషి పిండం గర్భసంచిలో దాగి పెరుగుతుంది. జీబ్రా చేప గుడ్డు నీళ్లలో పెరుగుతుంది. పైగా గాజులా పారదర్శకంగా ఉంటుంది. మైక్రోస్కోప్‌ కింద పెడితే కణాలు విడిపోవటం, కదలటం, కళ్లు ఏర్పడటం అన్నీ కనిపిస్తాయి. ఒక్క రోజు గడిచేసరికి చిన్ని గుండె కొట్టుకోవటం మొదలవుతుంది. మరో రెండు రోజుల్లో పిల్ల బయటికి వస్తుంది. మన జన్యువుల్లో సుమారు 70 శాతానికి ఈ చేపలో సాటి జన్యువులున్నాయి. అందుకే చేపలో కనిపించింది మన గురించీ ఎంతో కొంత చెబుతుంది.

‘ఇక చాలు’ అనే చిట్టి ఆర్‌ఎన్‌ఏలు

మన ఒంట్లో ప్రతి కణంలోనూ దాదాపుగా అవే జన్యువులుంటాయి. అయినా కన్ను కన్నులాగే, కాలేయం కాలేయంలాగే ఎలా తయారవుతాయి? ఏ కణంలో ఏ జన్యువు ఎంత పని చేయాలనే లెక్క వేరుగా ఉండటం వల్లే.

పెళ్లి వంటశాలను ఊహించుకోండి. వంటల పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది. అది డీఎన్‌ఏ. దాన్ని ఎవరూ బయటికి తీయరు. కావాల్సిన వంటకాన్ని చీటీ మీద రాసి వంటవాళ్లకు అందిస్తారు. ఆ చీటీ పేరు మెసెంజర్‌ ఆర్‌ఎన్‌ఏ. చీటీ చూసి వండిన వంటకమే ప్రొటీన్‌. చీటీ ఉన్నంతసేపూ వంట సాగుతూనే ఉంటుంది. మరి ఆపేదెవరు?

పంక్తిలో కూర్చున్నప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి ‘ఇక చాలు’ అంటాం కదా. కణంలో ఆ పని చేసేవి మైక్రోఆర్‌ఎన్‌ఏలు. మెసెంజర్‌ ఆర్‌ఎన్‌ఏలో వేల అక్షరాలుంటే వీటిలో సుమారు 22 మాత్రమే ఉంటాయి. పొడవాటి ఆర్‌ఎన్‌ఏ ముక్కను డైసర్‌ అనే ఎంజైమ్‌ సరైన కొలతకు కత్తిరిస్తే ఇవి తయారవుతాయి. ఆ తర్వాత ఆర్గొనాట్‌ అనే ప్రొటీన్‌తో జతకట్టి, తమ అక్షరాలకు సరిపోయే చీటీ కోసం వెతుకుతాయి. దొరికితే దానికి అతుక్కుంటాయి. అప్పుడు ఆ చీటీ తోక కురచబడి నెమ్మదిగా చెరిగిపోతుంది. ప్రొటీన్‌ తయారీ తగ్గుతుంది.

గమనించండి, ఇది లైటు స్విచ్‌ లాంటిది కాదు. ఫ్యాన్‌ రెగ్యులేటర్‌ లాంటిది. చాలాసార్లు వేగాన్ని కొంచెం తగ్గిస్తుందంతే. పిండం విషయంలో ఆ కొంచెమే చాలా ముఖ్యం.

వీటిని మొదట ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో విక్టర్‌ ఆంబ్రోస్‌, గ్యారీ రవ్‌కన్‌ గుర్తించారు. ఆ వివరాలు 1993లో వెలువడ్డాయి. అది పురుగుకే పరిమితమైన వింత అని చాలామంది పక్కన పెట్టేశారు. 2000లో అలాంటిదే మరొకటి చేపల్లోనూ, మనుషుల్లోనూ ఉందని తేలాక అందరి చూపూ అటు మళ్లింది. ఆ ఇద్దరికీ 2024లో నోబెల్‌ బహుమతి దక్కింది.

అమ్మ ఇచ్చిన చీటీలు

జీబ్రా చేప పిండం జీవితం ఎలా మొదలవుతుందో చూడండి. తొలి మూడు గంటల వరకు పిండం సొంత జన్యువులు దాదాపుగా నిద్రలోనే ఉంటాయి. అప్పటిదాకా పని నడిచేది తల్లి చేప గుడ్డులో దాచి పంపిన చీటీలతోనే. పుట్టింటి నుంచి కట్టిచ్చిన సారెతో కొత్త కాపురం మొదలైనట్టు!

ఆ తర్వాత పిండం సొంత జన్యువులు మేలుకుంటాయి. అప్పుడు ముందుగా తయారయ్యేవాటిలో మిర్‌-430 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ ఒకటి. ఇది తల్లి ఇచ్చిన చీటీల్లో కొన్ని వందలను ఏరి చెరిపేస్తుంది. పాత ఆదేశాలు పోతేనే కొత్తవి సజావుగా అమలవుతాయి మరి.

ఇది జరగకపోతే? ఆంటోనియో గిరాల్డెజ్‌, అలెగ్జాండర్‌ షీర్‌ బృందం 2005లో ఈ ప్రశ్నకు జవాబిచ్చింది. డైసర్‌ ఎంజైమ్‌ తల్లి నుంచి గానీ, సొంతంగా గానీ అందని చేప పిండాలను వాళ్లు పరిశీలించారు. వాటిలో కణాల రకాలు చాలావరకు ఏర్పడ్డాయి. కానీ మెదడు సరైన ఆకృతికి రాలేదు. గుండె కూడా సరిగా రూపొందలేదు. అలాంటి పిండాల్లోకి మిర్‌-430ని ఎక్కించినప్పుడు మెదడు ఆకృతి చాలావరకు చక్కబడింది. పిండం ఎదగటానికి సరైన ఆదేశాలు అందటం ఎంత అవసరమో, పాత ఆదేశాలు వేళకు ఆగిపోవటమూ అంతే అవసరమని ఇది చూపించింది.

బజ్జీల బండి దగ్గర ఆగిపోతే...

ఇక అంగిలి దగ్గరికి వద్దాం. ముఖాన్ని తీర్చిదిద్దే కణాలు ముఖంలో పుట్టవు. మెదడుగా మారబోయే గొట్టం పై అంచున పుట్టి, అక్కడి నుంచి ప్రయాణం చేసి వస్తాయి. దారిలో కంటి కాడను దాటి, నోటి దగ్గరికి చేరి అంగిలిని కడతాయి. వాటికి దారి చూపేది ఒక రసాయన సంకేతం. దాన్ని పసిగట్టే ‘ముక్కు’ లాంటి ప్రొటీన్‌ ఆ కణాల మీద ఉంటుంది.

ఇక్కడో చిక్కుంది. ఆ సంకేతం కంటి కాడ దగ్గరా వెలువడుతుంది. మీరు ఆకలితో పెళ్లి భోజనానికి బయల్దేరారు. దారిలో మిరపకాయ బజ్జీల బండి ఉంది. ముక్కు మరీ చురుగ్గా ఉంటే బండి దగ్గరే ఆగిపోతారు. ముక్కు మొద్దుబారితే పెళ్లి పందిరి ఎటు ఉందో తెలియదు. సరిగ్గా తగినంత చురుకుదనం ఉంటేనే బండి దాటి పందిరి చేరతారు.

కణాలకు ఆ చురుకుదనాన్ని సరిచూసేది మిర్‌-140 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ. ఈ సంగతిని ఆరెగాన్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీబ్రా చేపలో గుర్తించి 2008లో ప్రకటించారు. మిర్‌-140ని అడ్డుకుంటే ‘ముక్కు’ ప్రొటీన్‌ పెరిగిపోయింది. కణాలు కంటి కాడ చుట్టూ గుమిగూడాయి. అంగిలి ఆకారం మారింది. మిర్‌-140ని మరీ ఎక్కువ చేస్తే ‘ముక్కు’ ప్రొటీన్‌ తగ్గిపోయింది. కణాలు నోటి దగ్గరికి సరిగా చేరలేదు. అంగిలి చీలింది.

ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే. తేడా వచ్చింది కణాల ప్రయాణాన్ని నడిపే కొలతలో.

అంతమాత్రాన మనుషుల్లో ప్రతి మొర్రికీ ఇదే కారణమని కాదు. మొర్రికి దోహదం చేసే జన్యువులు చాలా ఉన్నాయి. ఎన్నో చిన్న చిన్న తేడాలు, కొన్ని బయటి కారణాలు కలిస్తే ఇది వస్తుంది. చేప చెప్పేదల్లా ఒకటే. ముఖం కట్టటం అతి సున్నితమైన పని. అందులో తేడా ఎవరి ప్రమేయం లేకుండానే రావొచ్చు.

ఈ చిట్టి ఆర్‌ఎన్‌ఏలు మనుషుల్లోనూ ముఖ్యమనటానికి రుజువులున్నాయి. మిర్‌-96లో ఒక్క అక్షరం మారినా వంశపారంపర్యంగా క్రమేపీ వినికిడి తగ్గుతుందని 2009లో స్పెయిన్‌ కుటుంబాల్లో బయటపడింది. డైసర్‌ను తయారుచేసే జన్యువులో లోపముంటే పసిపిల్లల్లో అరుదైన ఊపిరితిత్తి కణితి ముప్పు పెరుగుతుందనీ అదే ఏడాది తెలిసింది.

గ్రహణం లెక్క కుదరదు

మనిషి పిండంలో పెదవి 4 నుంచి 7 వారాల మధ్య కలుస్తుంది. అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య మూసుకుంటుంది. అంటే చాలామందికి గర్భం సంగతి తెలిసేసరికే ఆ పని మొదలైపోయి ఉంటుంది. అయిదో నెలలో వచ్చిన గ్రహణం అప్పటికే అతికిన పెదవిని చీల్చలేదు. ప్రపంచంలో సుమారు ప్రతి 700 మంది శిశువుల్లో ఒకరికి మొర్రి ఉంటుంది. గ్రహణం కనిపించిన చోటా పుడతారు, కనిపించని చోటా పుడతారు.

మనం చేయగలిగింది

* గర్భం ధరించాలనుకున్నప్పటి నుంచే డాక్టర్‌ సలహాతో రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్‌ యాసిడ్‌ తీసుకోవాలి. ఇది ముఖ్యంగా మెదడు, వెన్నుపాము లోపాలను నివారించటానికి.
* మధుమేహం ఉంటే గర్భానికి ముందే అదుపులోకి తెచ్చుకోవాలి. పొగ, మద్యం జోలికి పోవద్దు. ఇంట్లో ఎవరూ పొగ తాగొద్దు.
* కొన్ని మూర్ఛ మందులతో మొర్రి ముప్పు పెరుగుతుంది. అలాగని సొంతంగా ఆపేయొద్దు. ముందే డాక్టర్‌తో మాట్లాడితే మందు మార్చే వీలుంటుంది.
* 18-20 వారాల్లో చేసే టిఫా స్కాన్‌లో పెదవి చీలిక చాలావరకు కనిపిస్తుంది. అంగిలి మాత్రమే చీలితే కనిపించకపోవచ్చు. పుట్టగానే నోటి లోపల చూపించాలి.
* మొర్రితో పుట్టిన బిడ్డకు తలవైపు ఎత్తుగా పెట్టి పాలు పట్టాలి. పాలు పట్టే పద్ధతిని నర్సు దగ్గర నేర్చుకోండి.
* పెదవికి సాధారణంగా 3-6 నెలల్లో, అంగిలికి 9-18 నెలల్లో ఆపరేషన్‌ చేస్తారు. ఆ తర్వాత మాట, వినికిడి పరీక్షలు మరవొద్దు. ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిధిలో మొర్రి కూడా ఉంది. అంగన్‌వాడీలోనో, ఆరోగ్య కేంద్రంలోనో అడగండి.
* మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్షల పేరుతో ఎవరైనా డబ్బు గుంజాలని చూస్తే తొందరపడొద్దు. గర్భిణికి మామూలుగా చేయాల్సిన పరీక్షల్లో అవి లేవు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో మొర్రి ఉన్న బిడ్డ పుడితే బాలింతను ‘గ్రహణం రోజు ఏం చేశావు?’ అని అడగకండి. ‘పాలు ఎలా పడుతున్నావమ్మా, ఆపరేషన్‌కి ఎప్పుడు రమ్మన్నారు?’ అని అడగండి. ఆ తల్లికి కావాల్సింది ఆ మాటే.