గట్టు మీది తుత్తురబెండ

పచ్చికాయను తెంపి తడిమట్టి మీద నొక్కితే బండిచక్రం అచ్చు పడుతుంది. నడుమ చిన్న గుంట, చుట్టూ ఆకులు. తుత్తురబెండకు ముద్రబెండ అన్న పేరు ఎందుకొచ్చిందో ఇక వేరే చెప్పనక్కర్లేదు. దువ్వెన బెండ అన్నా ఇదే. ఆయుర్వేదంలో అతిబల.

నడుమెత్తు పెరిగే ఈ మొక్క రోడ్ల పక్కన, చేలగట్ల మీద, పాడుబడ్డ గోడల దగ్గర కనిపిస్తుంది. హృదయాకారపు ఆకును వేళ్ల మధ్య రుద్దితే మఖమల్‌లా తగులుతుంది. భూతద్దంలో చూస్తే ఆ మెత్తదనమంతా నక్షత్రాల్లా విచ్చుకున్న నూగుది. పసుపుపచ్చని పూలు పొద్దున వెతికితే దొరకవు. మధ్యాహ్నం వాలాక విచ్చుకుంటాయి.

పువ్వు మధ్యలో కేసరాల కాడలన్నీ కలిసిపోయి గొట్టంలా నిలబడతాయి, దాని కొసన పుప్పొడి తిత్తులు గుత్తిగా ఉంటాయి. మందారంలో చూసిందే, కాస్త చిన్న అచ్చులో. పత్తి, బెండ, గోంగూర పూలలోనూ ఇదే ఏర్పాటు; అన్నీ ఒకే ఇంటివి. అయితే మందారంలో రక్షకపత్రాల కింద మరో వరస సన్నటి పచ్చ రేకులుంటాయి. తుత్తురబెండకు అవి ఉండవు. పువ్వును తిరగేసి చూస్తే చాలు, తేడా తెలిసిపోతుంది.

అసలు కథ కాయలోనే ఉంది. చక్రం ఆకులన్నీ విడివిడి ఫలదళాలు, ఇంచుమించు పదిహేను ఇరవై. ఒక్కోదానికి ఒక ముక్కు. ఎండి నల్లబడ్డాక ఒక్కొక్కటీ వీపున చిట్లి, మూత్రపిండం ఆకారపు గింజల్ని రాలుస్తుంది. లిన్నేయస్ ఈ మొక్కను సైడా ప్రజాతిలో చేర్చాడు. కానీ సైడా ఫలదళంలో ఉండేది ఒకే గింజ, ఇక్కడ రెండు మూడు. 1826లో రాబర్ట్ స్వీట్ దీన్ని అబ్యూటిలాన్‌లోకి మార్చాడు. నేటికీ అబ్యూటిలాన్ ఇండికమ్ అన్న పేరే నడుస్తోంది.

పత్తి రైతుకు మాత్రం ఈ చుట్టరికం చేటు తెచ్చింది. పత్తి మీద పడే తెల్లదోమ, పిండినల్లి దీని మీదా బతుకుతాయి. చేలో పంట లేని నెలల్లో గట్టు మీది తుత్తురబెండే వాటికి విడిది. అందుకే వయ్యారిభామతో పాటు దీన్నీ పీకెయ్యమని వ్యవసాయాధికారులు ఏటా చెబుతుంటారు. పీకడం తేలికే. గింజ పెంకు మాత్రం నీటిని ఓ పట్టాన లోపలికి రానివ్వదు. ఈ వానకు మొలవని గింజ మట్టిలోనే ఉండి, పై ఏడాది అదే గట్టు మీద లేస్తుంది.